లెన్సును తిట్టే ముందు అద్దం సంగతి చూడండి

ఫిల్మ్ కెమెరాలు మళ్ళీ వచ్చాయి. హైదరాబాద్‌లో, విజయవాడలో ఇరవై ఏళ్ళ పిల్లలు తాతల బీరువాల్లోంచి పెంటాక్స్‌లు, యాషికాలు, జెనిట్‌లు బయటికి తీస్తున్నారు. బీరువాలో లేనివాళ్ళు కొంటున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది. బాధ ఒక్కటే. మొదటి రోల్ కడిగించుకుని, బొమ్మలు మసగ్గా వచ్చాయని చూసుకుని, మర్నాటి నుంచే కొత్త లెన్సుకు డబ్బు కూడబెట్టడం మొదలుపెడుతున్నారు. అమ్మేవాళ్ళు కూడా అదే సలహా ఇస్తున్నారు. నా చేతికి వచ్చిన మసక నెగెటివ్‌లలో ఎక్కువ వాటికి లెన్సు కారణం కాదు. కెమెరా కదిలింది. కదిలించింది ఒక్కోసారి చెయ్యి, ఒక్కోసారి కెమెరా లోపలి అద్దం, ఒక్కోసారి షట్టరే. ఏది ఎప్పుడు కదిలిస్తుందో తెలిస్తే ఆ మసకను చాలావరకు ఖర్చు లేకుండానే పోగొట్టవచ్చు. ఈ మాట గట్టిగా చెప్పగలను. కదలికను కొలవడమే నా ఉద్యోగం.

ఒమన్‌లో మస్కట్ విమానాశ్రయం దాటాక బుర్జ్ అల్ సహ్వా కూడలి దగ్గర నిజ్వా రోడ్డు పట్టుకుంటే కాసేపట్లో రుసైల్ వస్తుంది. 1980లలో ఆ దేశం మొట్టమొదట పెట్టుకున్న పారిశ్రామికవాడ ఇది. వెనక నల్లటి బోడి కొండలు. తొమ్మిదిన్నర కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున ఉన్న రాయి పైకి లేచి కొండలైంది అంటారు భూగర్భ శాస్త్రవేత్తలు. ఆ కొండల ముందు వరసగా షెడ్లు, చిమ్నీలు, లారీలు. ఇక్కడ నా పని మెయింటెనెన్స్. అయస్కాంతం ఉన్న చిన్న సెన్సర్‌ను పంపు బేరింగ్ మీద అంటించి, సెకనుకు ఎన్ని మిల్లీమీటర్ల వేగంతో అది అదురుతోందో రాసుకుంటాను. రీడింగ్ వారం వారం పెరుగుతుంటే బేరింగ్ పోతోందనో, పునాది బోల్టు వదులైందనో, షాఫ్టులు ఒక వరసలో లేవనో అర్థం. కారణం తేల్చకుండా బేరింగ్ మారుద్దామంటే మా ఫోర్‌మన్ ఒప్పుకోడు. ముందు కొలత, తర్వాత స్పానర్. కెమెరా దగ్గరికి వచ్చేసరికి మనవాళ్ళు దీనికి తలకిందులుగా వెళ్తున్నారు.

మిషన్ ఆపి, రబ్బరు మూతి ఉన్న సుత్తితో ఒక్క దెబ్బ వేసి, అది ఎలా ఊగుతుందో, ఎంతసేపటికి ఆగుతుందో చూసే పరీక్ష ఒకటుంది. మేం బంప్ టెస్ట్ అంటాం. ప్రతి వస్తువుకూ తనదైన ఊపు ఒకటి ఉంటుంది. గుడి గంటను ఎవరు కొట్టినా అదే స్వరం పలికినట్టు, దెబ్బ ఎవరు వేసినా అది ఆ ఊపులోనే ఊగుతుంది. ట్రైపాడ్ మీద పెట్టిన కెమెరా కూడా అంతే. అక్కడ సుత్తి కెమెరా లోపలే ఉంటుంది.

ఎస్సెల్లార్ కెమెరాలో మన కంటికి కనిపించే బొమ్మ లెన్సులోంచే వస్తుంది. లెన్సు వెనక 45 డిగ్రీల వాలుగా నిలబడ్డ అద్దం ఆ వెలుతురును పైకి, ప్రిజం వైపు తిప్పుతుంది. బటన్ నొక్కగానే లెన్సులోని అపెర్చర్ మనం పెట్టిన అంకెకు మూసుకుంటుంది. అద్దం ఎగిరి పైనున్న అంచుకు కొట్టుకుంటుంది. అప్పుడు షట్టర్ మొదటి తెర పరుగెడుతుంది, రెండో తెర దాని వెనకాలే వచ్చి ఫిల్మును మూసేస్తుంది. ఆఖరున అద్దం కిందికి దిగుతుంది. మన చెవికి ఇదంతా కలిసి ఒక్క చప్పుడు. అద్దం దిగే చప్పుడు మాత్రం బొమ్మ పడిపోయాక వచ్చేది, దానివల్ల నష్టం లేదు. బొమ్మను చెడగొట్టేది అద్దం పైకి కొట్టిన దెబ్బ, దాని తర్వాత మొదటి తెర బయల్దేరేటప్పటి కుదుపు. అద్దం తగలడానికీ తెర కదలడానికీ మధ్య ఉండేది కొన్ని మిల్లీసెకన్లే. ఊగుతున్న కెమెరా సద్దుమణగడానికి ఆ వ్యవధి ఏ మూలకూ చాలదు.

దీని మీద ఫొటోలు తీసేవాళ్ళలో రెండు వర్గాలున్నాయి. అద్దం దెబ్బంతా అపోహ, జీవితమంతా తీశాం, ఏమీ కాలేదు అనేది ఒక వర్గం. అద్దాన్ని ముందే పైకి లేపి ఉంచకుండా తీసిన బొమ్మ దండగ అనేది రెండోది. నేను చూసినంతలో ఈ రెండు వర్గాలూ షట్టర్ డయల్ మీద వేర్వేరు అంకెల గురించి మాట్లాడుకుంటున్నాయి. 1/500లో తీశారనుకోండి, అది రెండు మిల్లీసెకన్లు. సెకనుకు ఇరవైసార్లు ఊగే కెమెరా ఒక ఊపు పూర్తి చేయడానికి యాభై మిల్లీసెకన్లు పడుతుంది. రెండు మిల్లీసెకన్లలో అది ఎంత దూరం పోగలదు? నాలుగు సెకన్లు తెరిచి ఉంచారనుకోండి, ఊపు మొదట్లోనే చచ్చిపోతుంది. మిగిలిన వెలుతురంతా నిలకడగా ఉన్న కెమెరాలోకే వస్తుంది, మొదట ఊగినప్పుడు పడ్డ వెలుతురు ఆనవాలు దొరకనంత పలచబడుతుంది. నడుమ ఉన్న 1/30, 1/15, 1/8, 1/4 దగ్గరే అసలు గొడవ. 1/15 అంటే 67 మిల్లీసెకన్లు. షట్టర్ తెరుచుకున్నప్పటి నుంచి మూసుకునేదాకా కెమెరా ఊగుతూనే ఉంటుంది.

ఇది ట్రైపాడ్ మీద ఉన్న కెమెరా కథ. చేత్తో పట్టుకుంటే లెక్క వేరు. ఎంత గట్టివాడి చెయ్యైనా సెకనుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు సన్నగా వణుకుతుంది, శరీరం అలా కట్టి ఉంది. ఆ వణుకు ముందు అద్దం దెబ్బ లెక్కలోకి రాదు. అందుకే 50 మి.మీ. లెన్సుకు 1/60, 200 మి.మీ. లెన్సుకు 1/250 కంటే తగ్గొద్దని పెద్దవాళ్ళు చెప్పారు. అది కూడా చిన్న ప్రింట్లు వేసుకునే రోజుల్లో పుట్టిన సూత్రం. నెగెటివ్‌ను స్కాన్ చేసి కంప్యూటర్ తెర నిండా పెద్దది చేసి చూస్తున్న ఈ రోజుల్లో ఇంకో మెట్టు వేగం పెంచుకోవడం మంచిది.

ఎంత కదిలితే పాడవుతుంది అని చాలామంది అడుగుతారు. లెక్క కట్టి చూపిస్తాను. ట్రై-ఎక్స్ లాంటి ఫిల్మ్ మీద, వెలుగునీడల తేడా తక్కువగా ఉన్నప్పుడు, ఒక మిల్లీమీటరుకు సుమారు 50 జతల గీతలు విడివిడిగా కనిపిస్తాయని కొడాక్ తన పట్టికల్లో ఇచ్చింది. అంటే ఒక్కో గీత వెడల్పు మిల్లీమీటరులో వందో వంతు. బొమ్మ ఫిల్మ్ మీద అంత జరిగితే చాలు, ఆ గీతలు కలిసిపోతాయి. 200 మి.మీ. లెన్సుతో బొమ్మ అంత జరగాలంటే, వంద మీటర్ల అవతల కెమెరా గురి అయిదు మిల్లీమీటర్లు తప్పితే సరిపోతుంది. దాన్నే కెమెరా దగ్గర కొలిస్తే, పది సెంటీమీటర్ల కెమెరాలో ఒక చివర మరో చివర కంటే అయిదు మైక్రాన్లు లేవాలి. తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా కాదు. అంత చిన్న కదలికను ఆపే బాధ్యతను చౌక అల్యూమినియం ట్రైపాడ్ మీద వదిలేసి, తప్పు లెన్సు మీదికి నెడుతున్నాం.

మా క్యాంపులో నిర్మల్ నుంచి వచ్చిన వెల్డర్ తమ్ముడొకడున్నాడు. సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు పాత పెంటాక్స్ కె1000, దానితోపాటు ఒక 200 మి.మీ. లెన్సు కొనుక్కొచ్చాడు. ఇక్కడ ఫ్యాక్టరీల లోపల ఫొటోలు తియ్యనివ్వరు కాబట్టి శుక్రవారం తెల్లవారకముందే నిజ్వా రోడ్డు మీదుగా ఫంజా వెళ్తాడు. వాదీ (ఏరు) ఒడ్డున ఖర్జూరపు తోటలు, మిట్ట మీద పాత మట్టి ఇళ్ళు, బురుజు. రోల్‌ను హైదరాబాద్ వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి కడిగించాడు. నెగెటివ్‌లు వచ్చిన రాత్రి నా గదికి వచ్చాడు.

"అన్నా, గీ రెండొందల లెన్సు ఖరాబున్నదే. వేరేది జూస్తున్న."

ఫోన్ తెరను తెల్లగా వెలిగించి, దాని మీద నెగెటివ్ పెట్టి, పదింతలు చూపించే భూతద్దంతో చూశాను. ఖర్జూరపు మాను అంచు కత్తితో కోసినట్టుంది. దాని పక్కనే, అదే దూరంలో ఉన్న గోడ పైఅంచు రెండుగా కనిపిస్తోంది, ఒక గీత మీద ఇంకో గీత. కిటికీ చట్రంలో నిలువు కమ్మీలు శుభ్రంగా ఉన్నాయి, అడ్డకమ్మీలు మందంగా అలుక్కుపోయాయి. ఫ్రేము నడిమధ్యన, ఒకే దూరంలో ఉన్నవాటిలో లెన్సు నిలువు గీతలను బాగా గీసి అడ్డగీతలనే పాడుచెయ్యదు. అద్దం కిందనుంచి పైకి కొడుతుంది కాబట్టి కెమెరా ముక్కు పైకీ కిందికీ ఊగుతుంది. నిలువు గీతలు తమ మీద తామే జారతాయి, దెబ్బ తెలియదు. అడ్డగీతలు మాత్రం దొరికిపోతాయి.

"ఎంతల వెట్టి తీసినవ్ తమ్మీ?"

"పదిహేనుల అన్నా. ట్రైపాడ్ ఉన్నది గదా అని."

నెగెటివ్‌లో ఇలా చూడటం ప్రతి ఒక్కరూ నేర్చుకోవాలని నా కోరిక. ఫోకస్ తప్పితే చుక్క వెలుగులు గుండ్రని బిళ్ళలవుతాయి, ఆ బొమ్మలో ముందో వెనకో ఇంకెక్కడో ఒకచోట స్పష్టత దొరుకుతుంది. చెయ్యి వణికితే చుక్కలన్నీ ఏటవాలుగానో వంకరగానో ఒకే తోకతో సాగుతాయి. అద్దం దెబ్బకు అడ్డగీతలు రెండవుతాయి. వేడి గాలి వల్లనైతే ఒకే గీత ఒకచోట బాగుండి ఇంకోచోట అలలుగా తిరుగుతుంది. రుసైల్‌లో ఈ చివరిది మరీ ఎక్కువ. మే, జూన్ నెలల్లో పొద్దెక్కితే రోడ్డు మీది గాలి ఉడికిపోతుంటుంది, అప్పుడు ఎంత ఖరీదైన పొడవాటి లెన్సైనా కిలోమీటరు అవతలి కొండను స్పష్టంగా చూపించలేదు. దానికి మందు తెల్లవారుజామున లేవడం ఒక్కటే.

ఆ రాత్రే తమ్ముడి కెమెరా లెన్సు విప్పి లోపల చూశాను. అద్దం పైకి లేచి తగిలే చోట, ముందువైపు అంచున, అగ్గిపుల్ల వెడల్పున నల్లటి ఫోమ్ పట్టీ ఉండాలి. దెబ్బను అదే మింగుతుంది. పన్ను కుట్టుకునే పుల్లతో మెల్లగా తాకితే పుల్లకు నల్లటి జిగురు అంటుకుని తీగ సాగింది. ఆ రోజుల్లో వాడిన పాలీయురెథేన్ ఫోమ్ తేమకూ వేడికీ ముప్పై నలభై ఏళ్ళలో కుళ్ళిపోతుంది. మన తీరప్రాంతాల్లో, గల్ఫ్ తీరాల్లో ఇంకా త్వరగా. దానివల్ల అద్దం మెత్తటి పట్టీకి కాక నేరుగా లోహానికి తగులుతోంది. దూదిపుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది ఆ జిగురంతా తీసి, కొత్త ఫోమ్ సన్నగా కత్తిరించి అంటించాం. చెయ్యాలనుకునేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. పైనున్న ఫోకసింగ్ స్క్రీన్ మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. అద్దాన్ని గుడ్డతో తుడవకూడదు, దాని పూత గాజు వెనక కాదు, ముందువైపే ఉంటుంది, రుద్దితే లేచిపోతుంది. ఇంత చిన్న పట్టీ సంగతి పాత కెమెరాలు అమ్మే ప్రకటనల్లో ఎక్కడా కనపడదు. లెన్సులో బూజు లేదని రాస్తారు, మీటర్ పనిచేస్తోందని రాస్తారు. ఫోమ్ మార్చామనో, మార్చలేదనో రాయడం కూడా అమ్మేవాళ్ళ బాధ్యత. కొనేవాళ్ళు అడగాలి.

కెమెరాలు తయారుచేసినవాళ్ళకు ఈ బెడద మొదటినుంచీ తెలుసు. 1954లో అసాహీఫ్లెక్స్ 2బి వచ్చేదాకా చాలా ఎస్సెల్లార్లలో లేచిన అద్దం మళ్ళీ రోల్ తిప్పేదాకా దిగేది కాదు. వెంటనే దిగే అద్దం అందరికీ నచ్చింది. 1959లో నికాన్ ఎఫ్ అద్దాన్ని ముందే లేపి ఉంచే ఏర్పాటుతో వచ్చింది. 1982 నాటి ఎఫ్ఎమ్2లో దానికి వేరే మీట లేదు గానీ, సెల్ఫ్ టైమర్ పెట్టి నొక్కితే అద్దం ముందు లేస్తుంది, టైమర్ తిరిగినంతసేపూ కెమెరా సద్దుమణుగుతుంది, అప్పుడు షట్టర్ తెరుచుకుంటుంది. ఎఫ్ఎమ్2 ఉన్న చాలామందికి ఇది తెలియదు. 1957 నాటి హాసెల్‌బ్లాడ్ 500సిలో అద్దం పెద్దదే, కానీ దాన్ని ముందే లేపే మీట ఉంది, పైగా షట్టర్ లెన్సులో ఉంటుంది, దాని చిన్న రేకులు తెరుచుకుంటే కుదుపు దాదాపు ఉండదు. 1969లో వచ్చిన పెంటాక్స్ 6x7 దీనికి పూర్తిగా వ్యతిరేకం. అరచేతంత అద్దం, పెద్ద తెరల షట్టర్. మొదటి మోడళ్ళలో అద్దాన్ని లేపి ఉంచే వీలే లేదు, 1970లలో తర్వాత చేర్చారు. అది చేర్చాక కూడా, పొడుగు లెన్సు బిగిస్తే ఒక్క షట్టర్ తెర కుదుపే ట్రైపాడ్‌ను ఊపుతుందని ఆ కెమెరా వాడేవాళ్ళు చెబుతారు. సినిమావాళ్ళు మాత్రం చాలా ముందే దారి కనుక్కున్నారు. 1937లో వచ్చిన ఆరిఫ్లెక్స్‌లో అద్దం ఎగిరి కొట్టదు, షట్టర్‌తోపాటు గుండ్రంగా తిరుగుతుంది. తిరిగేదానికి బ్యాలెన్స్ చెయ్యవచ్చు, కొట్టేదానికి చెయ్యలేం. ఇది మా పంపుల దగ్గర నేను రోజూ చూసే సత్యం.

మన దగ్గర ఇంకా వెనక్కి వెళ్తే రాజా దీన్ దయాళ్ ఉన్నారు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్, 1905లో పోయారు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆయన తీసిన రాజమహళ్ళ బొమ్మల్లో గోడ మీది నగిషీ, కుర్చీ మీది జరీ నూట పాతికేళ్ళ తర్వాత కూడా లెక్కపెట్టుకోవచ్చు. నెగెటివ్ పెద్దది కావడం ఒక కారణం. కెమెరాలో కొట్టుకునే వస్తువే లేకపోవడం రెండోది. బరువైన చెక్క పెట్టె, బరువైన చెక్క స్టాండు. నెమ్మదైన ప్లేట్ల కాలంలో లెన్సు మూత తీసి, మళ్ళీ పెట్టడమే ఎక్స్‌పోజర్.

ఆ మూత పద్ధతి ఈనాటికీ పనికొస్తుంది. తమ్ముడి కె1000లో అద్దాన్ని లేపి ఉంచే మీట లేదు, సెల్ఫ్ టైమర్ కూడా లేదు. అతనికి నేను చెప్పింది ఇది. తెల్లవారకముందు తీస్తే అపెర్చర్ బాగా మూసి, ఒక సెకనో రెండు సెకన్లో పట్టేలా చూసుకో. డయల్ బి దగ్గర పెట్టు, నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది. నల్ల అట్టముక్క లెన్సుకు తగలకుండా ముందు అడ్డం పెట్టి, కేబుల్ రిలీజ్ నొక్కి బిగించు. ఊపు ఆగేదాకా ఉండి, అట్ట తీసి, మనసులో సెకన్లు లెక్కపెట్టి, మళ్ళీ అడ్డం పెట్టి, అప్పుడు కేబుల్ వదులు. పొద్దెక్కాక అయితే అపెర్చర్ తెరిచి 1/125 పైకి వెళ్ళిపో. నడుమ అంకెల జోలికి పోవద్దు.

పోక తప్పనప్పుడు ఊపును చంపాలి. మా మెయింటెనెన్స్ పాఠం మూడు మాటలే. దెబ్బ తగ్గించు, ఊపు మార్చు, ఊపును చంపు. ట్రైపాడ్ ఎక్కువమంది దగ్గర తేలికైన స్ప్రింగు మాత్రమే, అది ఊపును చంపదు. నడిమి కడ్డీ పైకి లాగితే ఇంకా ఊగుతుంది, దించెయ్యండి. లెన్సు మీద అరచెయ్యి బరువుగా ఆన్చి ఉంచండి, శరీరంలోని మెత్తదనం ఆ ఊపును పీల్చేస్తుంది. ట్రైపాడ్ మీద కెమెరాను ముట్టుకోకూడదని చెప్పేవాళ్ళు సెకన్ల ఎక్స్‌పోజర్ల గురించి చెబుతున్నారు, 1/15 గురించి కాదు. అన్నిటికంటే మంచిది గుడ్డ సంచి. కిలోన్నర శనగపప్పు పోసి మూతి కుట్టేసి, గోడ మీద పెట్టి, దాని మీద కెమెరాను, లెన్సును కలిపి కూర్చోబెట్టండి. గింజలు ఒకదానికొకటి రాసుకుంటూ ఊపును అక్కడికక్కడే మింగేస్తాయి. ఫంజాలో పిట్టగోడ మీద ఆ సంచి వేసుకుని 1/15లో తీసిన బొమ్మల్లో అడ్డగీత ఒక్కటిగానే వచ్చింది. అలాగని సంచిని ఫ్లైఓవర్ గోడ మీద పెట్టకండి, పైనుంచి ట్యాంకర్ వెళ్తే వంతెనే ఊగుతుంది.

ఫొటోగ్రఫీ నేర్పే చోట్ల, హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం మొదలు ఊళ్ళలో శని, ఆదివారాల్లో క్లాసులు చెప్పేవాళ్ళ దాకా, మొదటి రోల్‌ను ఈ పరీక్షకే కేటాయించాలని నా అభిప్రాయం. పిల్లలు కంపోజిషన్ రెండో రోల్ నుంచి నేర్చుకోవచ్చు. ఫిల్మ్ ధర, కడిగింపు, స్కాన్ అన్నీ కలిపినా ఒక పాత లెన్సు ధరలో కొంతే. ఆ ఒక్క రోల్ లేకపోవడం వల్లే నెలల తరబడి దాచిన డబ్బు అక్కరలేని గాజు మీద పోతోంది. గల్ఫ్‌లో ఆ డబ్బు ఎలా కూడుతుందో నాకు తెలుసు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

పరీక్షకు కావలసింది ఒక దినపత్రిక పేజీ. కాలమ్‌ల మధ్య నిలువు గీతలు, శీర్షికల కింద అడ్డగీతలు ఉన్న పేజీ చూసి గోడకు అంటించండి. మీ దగ్గరున్న అన్నిటికంటే పొడుగు లెన్సు బిగించి, ట్రైపాడ్ మీద పెట్టి, సూర్యాస్తమయానికి గంట ముందు మొదలుపెట్టండి. అపెర్చర్ 8 దగ్గర ఉంచి మళ్ళీ ముట్టుకోవద్దు, అప్పుడు లెన్సు పనితనం అన్ని ఫ్రేముల్లోనూ ఒకటే అవుతుంది. వెలుతురు తగ్గే కొద్దీ మీటర్ తనంతట తానే 1/125 నుంచి 1/60కి, 1/30కి, 1/15కి, అలా ఒక సెకను దాకా దిగుతుంది. ప్రతి మెట్టు దగ్గర రెండు ఫ్రేములు తియ్యండి, ఒకటి కెమెరాను ముట్టుకోకుండా కేబుల్‌తో, ఒకటి లెన్సు మీద చెయ్యి ఆన్చి. ఏ ఫ్రేము ఏ అంకెలో తీశారో కాగితం మీద రాసుకోండి. నెగెటివ్ వచ్చాక భూతద్దంతో అడ్డగీతలు చూడండి. కేబుల్‌తో తీసినవి 1/125లోనూ ఒక సెకనులోనూ శుభ్రంగా ఉండి, 1/15, 1/8 దగ్గర రెండుగా కనిపిస్తే లెన్సు నిక్షేపంగా ఉంది, ఫోమ్ పట్టీ చూసుకోండి. అన్ని అంకెల దగ్గరా ఒకే తీరుగా మసగ్గా ఉంటే కెమెరాను మెకానిక్‌కిచ్చి ముందు ఫోకస్ సరిచూడమనండి. అదీ సరిగ్గా ఉందని ఆయన చెప్పాకే లెన్సు బేరానికి వెళ్ళండి.